చెట్టెక్కిన గొలుసు రంపము

వృక్షారోహణము తెలుగువారికి క్రొత్త విద్య కాదు. నడుమునకు మోకు చుట్టుకొని, పాదములకు బందము తగిలించుకొని, తాటిమాను మీదికి ఉదయమొకసారి సాయంకాలమొకసారి ఎక్కి దిగు గీత కార్మికుని చూచినవారికి, మనుష్యుడు రెండు చేతులను విడిచిపెట్టి అంత ఎత్తున నిలువగలుగుటకు వెనుకనున్న శాస్త్రము ఒకరు చెప్పకయే తెలియును. అతడు వెనుకకు వ్రాలినకొలది మోకు మానును బిగించి పట్టుకొనును. అరికాళ్లు మానును నొక్కును. ఆ రెండు ఒత్తిళ్ల వలన పుట్టిన రాపిడియే అతని బరువును మోయును. చేతులు రెండును పనికి విడివడును. అయితే ఆ ఏర్పాటులో ఒక నమ్మకము పైకి చెప్పబడకయే ఇమిడియున్నది. చేతిలోని కత్తి చేతివేగముతోనే కదలును, చేయి ఆగినచో కత్తియు ఆగును, కావున తన కత్తివలన తన మోకునకు కలుగు భయము స్వల్పము.

కొలది దశాబ్దములుగా కొమ్మల నడుమకు గొలుసు రంపము, అనగా నేడు పల్లెలలో సైతము చెయిన్‌సా అని పిలువబడు యంత్రము, చేరినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడి వీధివీధిని వృక్షములను నేలగూల్చినప్పుడు, దారులు తెరచిన పనిముట్లలో ఇది ముఖ్యమైనది. గొడ్డళ్లతో మాత్రమే ఆ పనికి పూనుకొనియున్నచో ఎన్ని దినములు పట్టియుండెడిదో ఊహించుటయే కష్టము. దాని ఉపకారమును కాదనుటకు వీలులేదు. కాని గట్టినేలపై నిలిచి పనిచేయువానికే అపాయకరమైన ఈ యంత్రము, ముప్పది నలువది అడుగుల ఎత్తున తాడుపై ఆధారపడి నిలిచిన మనుష్యుని చేతికి చేరినప్పుడు, అపాయము యొక్క పరిమాణమే గాక స్వరూపమే మారిపోవును. యంత్రమును చేతికిచ్చువాడు పెట్రోలు పోయుటయు, త్రాడు లాగి ఇంజనును లేపుటయు చూపి పంపివేయును; మిగిలినదంతయు పనివాని ధైర్యమునకు వదలివేయబడును. ఈ పనిలో ధైర్యము ఏల చాలదో, దేనివలన ప్రాణము నిలుచునో వివరించుట అవసరమని నాకు తోచుచున్నది.

పండ్ల గొలుసు మొదట మ్రాకులకొరకు పుట్టినది కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగమున స్కాట్లండు వైద్యులైన జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనువారు ఎముకను కోయుటకు చేతితో లాగెడు చిన్న గొలుసు రంపమును వాడుకలోనికి తెచ్చిరి. మ్రాను కోయు యంత్రముగా అది ఎదుగుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చెను. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడుచు రంపమును, 1929లో పెట్రోలుతో నడుచు రంపమును నిర్మించెను. అవి ఇద్దరు మనుష్యులు మోయవలసినంత బరువైనవి. నేటి గొలుసునకు రూపమిచ్చినది మాత్రము ఒక పురుగు. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలపపనివాడు కట్టెలు కొట్టుచు, మొద్దులో తొలుచుకొనిపోవుచున్న ఒక పెంకుపురుగు డింభకమును పరికించెను. అది తన వంకర దవడలతో ఎడమకొకమారు కుడికొకమారు కొరుకుచు, కలప నారకు అడ్డముగానైనను నిలువుగానైనను ఒకే తీరున సాగిపోవుచుండెను. ఆ దవడల తీరునే ఉక్కులో అనుకరించి, ఎడమ పన్నొకటి కుడి పన్నొకటి చొప్పున కూర్చిన గొలుసును మరుసటి సంవత్సరము అతడు అమ్మకమునకు తెచ్చెను. నేడు మన వీధులలో మ్రోగు రంపముల గొలుసులు దాదాపు అన్నియు ఆ వంశములోనివే. వాటిలో ప్రతి పంటికిని ముందు ఒక చిన్న ఉక్కు దిమ్మ యుండును. పన్ను ఎంతలోతు కొరుకవలెనో నిర్ణయించునది ఆ దిమ్మయే. దీనిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను, ఏలయన ఘోరమైన ప్రమాదములలో పెక్కింటికి మూలము ఇక్కడనే యున్నది.

ముందుగా వేగమును గూర్చి కొంత లెక్క వేయుదము. పూర్తిగా తెరచిన రంపము గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్లు, కొన్ని యంత్రములలో అంతకు మించియు, పరుగెత్తును. అనగా గంటకు 70 కిలోమీటర్ల పైమాట. అపాయము కంటబడినది మొదలు చేయి కదలుటకు ఆరోగ్యవంతుడైన మనుష్యునికైనను సెకనులో అయిదవ వంతు పట్టును. ఆ వ్యవధిలో గొలుసు నాలుగు మీటర్లు సాగిపోవును. చెట్లపై వాడు రంపములో గొలుసు పొడవు ఒక మీటరునకు అటునిటుగా నుండి, దానిపై ఇరువదియైదు వరకు పండ్లుండును. కావున పనివాని మెదడు జరిగినదానిని గ్రహించి చేతికి ఆజ్ఞ పంపునంతలో, తగిలినచోట నూరు పండ్లు దాటిపోయియుండును. ఇంద్రియములు ఎంత చురుకైనవైనను, అనుభవము ఎంత గొప్పదైనను, ఈ లెక్క మారదు. జరిగిన పిమ్మట తప్పించుకొనుట అసాధ్యమైనచోట, జరుగక మునుపే చేసిన ఏర్పాటు ఒక్కటియే రక్షణ. చెట్లపై రంపము వాడుటకు ఏర్పడిన నియమములన్నియు ఈ ఒక్క సత్యమునుండియే పుట్టినవని నా అభిప్రాయము. దీనిని మరచి నియమములను మాత్రము వల్లించువాడు, తొందర వచ్చిన మొదటి దినముననే వాటిని విడిచివేయును.

గొలుసు పరుగెత్తు ఉక్కు పలకను పనివారు బారు అందురు. బారు పైఅంచున గొలుసు పనివానినుండి దూరముగా పోవును. కొనవద్ద మలుపు తిరిగి, క్రిందిఅంచున అతనివైపు మరలి వచ్చును. క్రిందిఅంచుతో కోసినచో రంపము ముందుకు లాగబడును, పైఅంచుతో కోసినచో వెనుకకు నెట్టబడును. ఈ రెండింటికిని చేయి త్వరలోనే అలవడును. అలవడనిది కొనయొక్క పైభాగపు సంగతి. అచ్చట గొలుసు ముందుకును క్రిందికిని ఒక్కసారి మలుగుచుండును. ఆ చిన్న వంపులో తిరుగునప్పుడు పంటికి ముందున్న దిమ్మ లోనికి వంగిపోయి, పన్ను తాను కొరుకవలసినదానికన్న మిక్కిలి లోతుగా కొరుకును. కొరికిన పన్ను కలపలో చిక్కుకొన్న క్షణమున, గొలుసును తిప్పు శక్తియంతయు రంపమునే తిప్పుటకు మరలును. బారు పైకి లేచి, వెనుకకు తిరిగి, పనివాని మొగము మీదికో, మెడ మీదికో, భుజము మీదికో వచ్చును. ఇదంతయు మనము పైన లెక్కించిన వ్యవధికంటె తక్కువలోనే ముగియును. పనివారు దీనిని రంపము ఎదురుతన్నుట అందురు. నేలపై కోయునపుడు బారు కొన ఎక్కడ నున్నదో చూచుకొనుట అంత కష్టము కాదు. చెట్టుమీదనో, ఆకులగుబురులో, కోయుచున్న కొమ్మకు ఆవల మరియొక రెమ్మ పొంచియుండును. కొన దానిని తాకుట కంటికి కనబడదు. అందుచేతనే కోత మొదలుపెట్టకముందు చుట్టునున్న చిన్న రెమ్మలను చేతిరంపముతో తొలగించుకొనుట ఆవశ్యకము. ఆమాటకు వచ్చినచో, మణికట్టంత లావు కొమ్మకు యంత్రమెందుకు? పండ్లు తనవైపునకు తిరిగియున్న మంచి చేతిరంపము దానిని కొలది నిమిషములలో కోయును, చేయి ఆగినప్పుడు తానును ఆగును.

చెట్లపై పనికని ప్రత్యేకముగా చేసిన రంపములలో వెనుకపిడి యంత్రము మీదికి జరుపబడి, బరువు మూడు నాలుగు కిలోలకు తగ్గింపబడినది. ఇరుకైన కొమ్మల నడుమ త్రిప్పుటకు అది అనువైనదే. కాని రెండు పిడులును దగ్గరగా నున్నందున, రంపము ఎగసిపడినప్పుడు దానిని ఆపుటకు చేతులకు దొరకు ఊతము తగ్గును. ఇది తులాదండము నెరిగిన ప్రతివానికి తెలిసిన విషయమే. ఆ తేలికదనమే పనివానిని ఒంటిచేతితో పట్టుటకు పురికొల్పును. కుడిచేత రంపము, ఎడమచేత కోయవలసిన కొమ్మ: ఈ భంగిమను మన వీధులలో ఎవరైనను చూచియుందురు. దీనికన్న ప్రమాదకరమైన భంగిమ మరియొకటి లేదు. ఒక్క మణికట్టు చుట్టు రంపము స్వేచ్ఛగా గిరగిర తిరుగగలదు. ఎడమచేయి సరిగా దాని దారిలోనే యుండును. రెండు చేతులు పిడులపై నున్నంతకాలము అవి గొలుసునకు తగులుట సాధ్యము కాదన్న సులభమైన మాటను తలచుకొన్నచో, ఒంటిచేతి కోతను ఏ యజమానియు తన యెదుట జరుగనీయడు.

ముందుపిడికి ఎదురుగా నుండు కవచము చేతికి అడ్డుమాత్రమే యని పలువురు తలతురు. అది గొలుసు బ్రేకునకు మీట. రంపము ఎగసినప్పుడు మణికట్టు దానిని తాకగానే ఒక ఉక్కుపట్టీ బిగిసి, సెకనులో పదవవంతునకు అటునిటుగా గొలుసును నిలిపివేయును. 1970వ దశకమునుండి ప్రచారములోనికి వచ్చిన ఈ ఏర్పాటు, తరువాతి యంత్రములలో చేయి తాకకున్నను, కుదుపునకే పనిచేయునట్లు దిద్దబడినది. చెట్టుపై నున్నవాడు పిడినుండి ఒక చేతిని తీయవలసివచ్చిన ప్రతిసారియు, ముందుగా బ్రేకు వేసి పిమ్మట చేయి తీయవలెను. రంపమును నేలమీదనే లేపి, ఇంజను వేడెక్కిన తరువాత దానిని ఆపి, బ్రేకు వేసి పైకి పంపవలెను. బ్యాటరీ రంపములు వచ్చిన తరువాత బ్రేకు వేయు అలవాటు మరింత ముఖ్యమైనది. అవి మ్రోత లేక నిదురించుచున్నట్లు కనబడును గాని, మీటపై వ్రేలు పడిన మరుక్షణమున పూర్తివేగము నందుకొనును.

ఇక తాడుల సంగతి. బిగిసియున్న నైలాను తాడునకు పరుగెత్తు గొలుసు తగిలినచో, అది తెగుటకు తాకుట చాలును. మోకుపై నిలిచిన పురాతన నమ్మకము ఇక్కడ కూలిపోవుచున్నది. కనుక రంపము చేతబట్టినంతసేపును పనివాడు రెండు వేరు వేరు ఆధారములతో చెట్టునకు కట్టుబడి యుండవలెను: ఒకటి పైనున్న బలమైన పంగ మీదుగా వచ్చు ఆరోహణరజ్జువు, రెండవది నడికట్టునుండి మాను చుట్టి వచ్చు చిన్నతాడు. ఒకటి తెగినను రెండవది నిలుపవలెను. రెండును ఒకే కొమ్మను నమ్ముకొనరాదు, రెండును కోతదారిలో ఉండరాదు. రెండవ తాడు లోపల ఉక్కుతీగ నింపినది మేలు. అది చేతిరంపమునకు లొంగదు, అయినను పూర్తివేగముతో వచ్చు గొలుసునకు ఉక్కుతీగయు అభేద్యము కాదు. తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య రక్షక కవచము అను పేర గీత కార్మికులకు నడికట్టును తాళ్లును గల సామగ్రిని ఇచ్చుట మొదలుపెట్టినది. మోకు జారినను మనిషి పడకుండునట్టి రెండవ ఆధారము కావలెనన్న భావన ఆ విధముగా మన పల్లెలకు చేరినది. కొమ్మలు కోయు కూలీలకు అట్టి ఆదరము ఇంకను లభింపవలసియున్నది.

రంపపుపనికి చేసిన లాగులలో గొప్ప యుక్తి గలదు. పైవస్త్రము తెగగానే లోపలి పొరలలోని పొడవైన కృత్రిమ నారలు గొలుసువెంట బయటికి లాగబడి, దానిని త్రిప్పు పండ్లచక్రములో చుట్టుకొని ఇంజనును స్తంభింపజేయును. అనగా అది కత్తిని ఎదిరించు కవచము కాదు, యంత్రపు గొంతులో నార క్రుక్కు ఉపాయము. అందుచేత దానిని గొలుసువేగమునుబట్టి, సెకనుకు 20, 24, 28 మీటర్లని తరగతులుగా పరీక్షింతురు. ఒకసారి తెగినదానిని కుట్టి మరల వాడరాదు. నేలపనికి కాలి ముందుభాగమున నార యున్నచో సరిపోవును గాని, చెట్టుపై కాలు ఏ వైపునకు తిరుగునో చెప్పలేము గనుక చుట్టును ఉండవలెను. మే నెలలో మన ఎండలకు అంత మందమైన లాగు దుస్సహమన్నది సత్యమే. లుంగీ ఎగగట్టి చెట్టెక్కువానిని నిందించుట నాకు ఇష్టము లేదు. పనిని తెల్లవారుజామునకు మార్చి, ఎండ ముదరకమునుపే ముగించుట ఉచితము. వడదెబ్బ తగిలిన దేహము తాడుపై నుండుట కూడ అపాయమే గదా.

యంత్రమును గూర్చి ఇంత చెప్పిన పిమ్మట, కోయబడు చెట్టును గూర్చి చెప్పకున్నచో సగమే చెప్పినట్లగును. అడ్డముగా సాగిన చింతకొమ్మ నిశ్చలముగా కనబడును గాని, దానిలో ఎడతెగని పెనుగులాట జరుగుచుండును. సొంతబరువు వలన పైభాగపు నారలు సాగి బిగిసియుండును, క్రిందిభాగపు నారలు నొక్కుకొని యుండును. పైనుండి మాత్రమే కోసినచో, సగము తెగకమునుపే కొమ్మ వ్రాలి, క్రిందినున్న నార చీలి, బెరడును మానువెంట పొడవుగా ఒలుచుకొనుచు పనివానివైపే వచ్చును. క్రిందినుండి మాత్రమే కోసినచో కోత మూసుకొనిపోయి బారును బిగబట్టును. అందుచేత మొదట నొక్కుకొన్న క్రిందివైపున మూడవవంతునకు మించకుండ కోసి, పిమ్మట సాగియున్న పైవైపునుండి కోయుట పద్ధతి. ఈ పైకోతను క్రిందికోతకు కొంచెము జరిపి వేసినచో, రెండు కోతల నడుమ మిగిలిన నార కొమ్మను కాసేపు పట్టియుంచును. పనివాడు రంపమును ఆపి తగిలించుకొని, చేతులతో దానిని విరిచి జారవిడువగలడు. ఎంత అందమైన ఉపాయము!

వ్రాలిన మాను విషయమున ఇదే పెనుగులాట భయంకరరూపము దాల్చును. ముందుకు వంగిన మానును వెనుకనుండి తొందరపడి కోసినచో, అది తెగుటకు బదులు నిలువునా చీలి, వెనుకసగము పైకి ఎగసి, కొంతదూరము పోయి విరిగిపడును. నేలపై నున్నవాడు ప్రక్కకు తొలగవచ్చును. మాను చుట్టు తాడు వేసికొని దానికే కట్టుబడియున్నవానికి తొలగుటకు చోటేది? చీలిన మాను లావెక్కి తాడును బిగించి అతనిని నలిపివేయును. చీలుస్వభావముగల వ్రాలుమానులపై, పనివాడు ఎంత నిపుణుడైనను, ఆ విధముగ ఎక్కి కోయరాదన్నదే నా నిశ్చితాభిప్రాయము. మనిషిని పైకెత్తు యంత్రపుబుట్టనో, ప్రక్క చెట్టునో ఆధారము చేసికొనవలెను.

కొమ్మను మొదట క్రిందను పిమ్మట పైనను కోయు ఆ క్రమము ఉంచదలచిన చెట్టునకును మేలు చేయును; కోత ఎక్కడ పడవలెనన్నదియు అంతే ముఖ్యము. అమెరికా అటవీశాఖలో పనిచేసిన ఆలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు గొలుసు రంపముతోనే వేలకొలది మొద్దులను నిలువునా చీల్చి పరీక్షించి, 1970వ దశకమున ఒక సత్యమును స్థాపించెను: చెట్టు దెబ్బతిన్న కణములను బాగుచేసికొనదు, కుళ్లు వ్యాపింపకుండ వాటి చుట్టు గోడలు కట్టి, వాటిని విడిచిపెట్టి పైకి పెరుగును. కొమ్మ మానును చేరుచోట ఉబ్బిన కంఠభాగములో ఆ గోడకట్టు శక్తి మిక్కుటము. కోత ఆ ఉబ్బునకు వెలుపల పడవలెను. మానునకు సమానముగా నున్నగా కోసివేయుట చూపునకు బాగుండును గాని, రావికైనను వేపకైనను అది కుళ్లునకు తలుపు తీయుటయే. ఉంచదలచిన చెట్టును ఇనుపముండ్ల తొడుగులతో ఎక్కుటయు ఇట్టి గాయమే.

తుపాను గడచిన తరువాత పడియున్న చెట్టు, నిలిచియున్న చెట్టుకన్న కపటమైనది. విల్లువలె వంగి మరియొక మానుక్రింద చిక్కుకొన్న సరుగుడు, ఒక్క కోతకు విడివడి మనిషిని దూరముగా విసరివేయగలదు. వేళ్లతో పెకలివచ్చి పడిన మహావృక్షమున మరియొక మోసమున్నది: మానును మొదటివద్ద కోయగానే బరువు తీరిన వేరుగడ్డ, మన్నుతోసహా, తాను లేచిన గుంటలోనికి మరల పడును. ఆ గుంటలో పిల్లలు చేరకుండ ఒకరిని కాపలా నిలుపుట అత్యవసరము. కొమ్మలు విద్యుత్తీగలపై వ్రాలియున్నచో, లైన్‌మన్ ఎల్.సి., అనగా లైన్ క్లియర్ అను అనుమతి, తీసికొని, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించి, దానిని నేలకు కలిపినట్లు చెప్పువరకు ఆ చెట్టునెవరును తాకరాదు. పచ్చికొమ్మలోని రసము విద్యుత్తునకు దారి యిచ్చును, ప్రక్క యింటి జనరేటరు చచ్చిన తీగకు మరల ప్రాణము పోయగలదు.

పైనున్నవాడు ఒంటరివాడు కారాదు. క్రింద నిలుచు సహాయకుడు తాళ్లు అందించువాడు మాత్రమే కాడు; కొమ్మ పడుచోటికి బాటసారులు రాకుండ చూచువాడు, మ్రోతలో మాట వినబడదు గనుక ముందే అనుకొన్న చేతిసంజ్ఞలను గమనించువాడు. అన్నిటికన్న ముఖ్యముగా, పైవాడు గాయపడినచో తానే ఎక్కి అతనిని దింపగలవాడై యుండవలెను. అతనికి వేరొక నడికట్టు, వేరొక తాడు, ఎక్కుటలో అభ్యాసము అవసరము. పైవాని సామగ్రి పైననే చిక్కుకొని యుండును గదా. పెద్ద రక్తనాళము తెగినచో ప్రాణమునకు గడువు కొలది నిమిషములు మాత్రమే. 108 వాహనము ఎంత త్వరగా వచ్చినను, అది వచ్చునది చెట్టు మొదటికే. ముప్పది అడుగుల పైకి రాదు. కావున గాయముపై గట్టిగా అదిమి కట్టుటకు తగిన పెద్ద కట్టుగుడ్డ పైవాని నడికట్టుననే, ఏ చేతికైనను అందునట్లు తగిలించియుండవలెను. పని మొదలుపెట్టకమునుపే ఆ వీధిపేరును, వాహనము తిరుగగల మలుపును సహాయకుడు తెలిసికొనియుండవలెను. గాయపడినవానిని దింపుట ఎట్లో, ఇసుకమూటను నడికట్టున వ్రేలాడదీసియైనను, ఇద్దరును పనిలేని దినమున కలిసి అభ్యసించియుండవలెను. తన పెరటిలోని వేపకొమ్మలు కొట్టింపదలచిన గృహస్థుడు కూలి బేరమాడుటకు ముందు, వచ్చిన ఇద్దరిలో రెండవవానికి చెట్టెక్కుట వచ్చునా, అతనికి సొంత నడికట్టు కలదా యని అడుగవలెను. లేదన్నచో రంపమును లేపకుండ ఆనాటికి ఆపి, ఎక్కగల రెండవ మనిషి దొరకిన దినమున రమ్మని చెప్పవలెను.